అరగదీసిన నంబరు

పోయిన శుక్రవారం మధ్యాహ్నం రాప్తాడు నుంచి ఫోను వచ్చింది. ఉస్తాద్ పోయినాడంట, గుండె ఆగి. హైవే పక్కన రేకుల షెడ్డులో కార్లు బాగుచేసే మనిషి. ట్యాక్సీ నడుపుకునే నాకు ఆయన ఒకే ఒక్క పాఠం చెప్పినాడు. దానికి ఆయన కుడిచెయ్యి పోయింది. ఇంతవరకూ ఎవురికీ చెప్పలేదు, మీకే చెప్తాండా.

ఏ బండి వచ్చినా ముందు బానెట్ ఎత్తి, కిరసనాయిలు గుడ్డతో ఇంజన్ మీద మట్టి తుడిచి నంబరు చదివేవాడు. తెచ్చుకున్న టీ పక్కన చల్లారిపోతాండేది. "రంగు మారుస్తారు, సీట్లు మారుస్తారు. ఇనుమును అడగాలప్పా" అనేవాడు.

గుత్తిలో ఒక వ్యాపారి దగ్గర పాత కారు బేరమాడి, ఆయనకు చూపించడానికి తెచ్చినా. గేర్‌బాక్సు కలిసే చోట చదునుగా ఉన్న జాగా తుడిచి, నా వేలు దాని మీద పెట్టినాడు.

"నంబరు కొట్టే జాగా బండిబండికీ వేరే. దీనికి ఈడ ఉండాది. ముందర అక్షరాలు ఏ రకం ఇంజనో చెప్తాయి. చివరి అంకెలు ఈ ఒక్క ఇంజన్‌వే. ఆర్‌సీతో సరిచూడు."

సరిపోయినాయి. ఆయన మాత్రం తల అడ్డంగా ఊపినాడు.

"తడిమి చూడు. చివరి నాలుగూ లోతుగా ఉండాయి. చుట్టూ ఆకురాయి గీతలు. పాతవి అరగదీసి ఇవి కొట్టినారు. దొంగ ఇంజన్ ఇది. కొనద్దు."

కొనలేదు. నంబరు అరగదీసినారని చెప్పి బేరం వద్దంటే, వ్యాపారి ఫోన్లో "ఎవుడు చెప్పినాడురా నీకు?" అని గద్దించినాడు. భయపడి ఉస్తాద్ పేరు చెప్పేసినా.

మూడోనాడు పట్టపగలు ఆ వ్యాపారి మనుషులు ముగ్గురు షెడ్డుకు వచ్చినారు. నేను రోడ్డుకు ఇవతల టీ అంగడి కాడ ఉన్నా. ఆయన చెయ్యి ఇంజన్ మీద పెట్టించి, ఆయన సుత్తితోనే కొట్టినారు.

"ఇప్పుడు తడుము" అన్నాడొకడు, నవ్వుతా.

ఆయన నా వైపు చూసినాడు. నేను తల దించుకున్నా.

ఆస్పత్రిలో మొదట ఇదే అడిగినాడు. "నా పేరు నువ్వే చెప్పినావా?"

"అవును ఉస్తాద్."

"ఇంకో బండి దొరికిందా నీకు?" అన్నాడు.

ఆ వేళ్లకు మళ్లీ స్పర్శ రాలేదు. తర్వాత నేను వేరే కారు తెస్తే, స్టూలు మీద కూర్చుని "నువ్వు చదువు, నేను వింటా" అన్నాడు. ఒక్కో అంకె పైకి చదివించినాడు. ఒక్క అంకె తడబడినా, "మళ్లీ మొదట్నుంచి" అన్నాడు. అది నన్ను క్షమించడమో, శిక్షించడమో ఈ రోజుకీ తెలీదు. ఆయన పుణ్యాన నేను మాత్రం ఎప్పుడూ మోసపోలేదు.

ఆయన్ను మట్టి చేసి వచ్చినాక వాళ్లింటి కాడ కూర్చున్నా. ఆయన భార్య వచ్చింది.

"వాళ్లకు తన పేరు ఎవురు చెప్పినారో కడదాకా నోరిప్పలేదప్పా ఆయన. నువ్వు దగ్గరుంటివి కదా, నీకేమన్నా తెలుసా?"

"తెలీదమ్మా."

"పాపం, నీ మొగం యెట్ల వాడిపోయిందో చూడు" అని లోపలికి పోయి నీళ్లు తెచ్చిచ్చింది. నేను తాగేదాకా కొంగుతో ఈగలు తోలుతా పక్కనే నిలబడింది.