ఎండ వేరు, ఉడుకు వేరు

పోయిన వారం పొద్దున్నే, పొయ్యి మీద చాయ్ ఇంకా మరగకముందే ఫోన్ మోగింది. బడిలో నాతో కలిసి చదువుకున్న స్నేహితురాలు. "సారు లేడే ఇగ. నిద్రల్నే పానం వోయింది" అంది. ఏ సారు అని నేను అడగలేదు. మాకు పాఠాలు చెప్పిన సార్లు చాలామందే ఉన్నారు. ముందొక సబ్జెక్టు పేరు తగిలించకుండా ఉత్త "సారు" అంటే మాత్రం మా బ్యాచ్‌కి ఒక్కరే, ఆటలు ఆడించిన డ్రిల్లు సారు.

పొయ్యి ఆపి, అక్కడే కింద కూర్చుని ఏడ్చాను. ఏడుస్తూనే కిటికీ వైపు చూశాను. నడి ఎండాకాలం, ఆకాశంలో మబ్బు తునక లేదు. ఈ కాలంలో మా ఊళ్లో పీనుగను ఎక్కువసేపు ఉంచరు, పొద్దు నడినెత్తికి వచ్చేలోపే పాడె లేపుతారు. అప్పటికి నంబరు ఎంత ఉంటుంది, నేను సారు వెంట నడవగలనా అన్నది నా బెంగ. మనిషి పోతే ఈ నంబర్ల గోలేమిటని మీకు అనిపించవచ్చు. సారుకు అనిపించదు. ఆ గోల నాకు అంటించిందే ఆయన.

నేను పుట్టడమే తెల్లగా పుట్టాను. మేనిఛాయ బాగుందని కాదు, ఒంట్లో అసలు రంగే లేదు. జుట్టు, కనురెప్పల వెంట్రుకలు అన్నీ రంగు వేయని నూలులాగే ఉంటాయి. మా బాపు మగ్గం నేసేవాడు. "రంగులల్ల మునిగెటోనికి రంగులేని బిడ్డ" అని ఇంటికొచ్చినవాళ్లు వేళాకోళం చేసేవారు. ఎండ తగిలితే అందరికీ ఒళ్లు నల్లబడుతుంది, నాకు బొబ్బలొస్తాయి. వెలుతురు ఎక్కువైతే కళ్లు ఎంత చిట్లించినా ఏమీ కనపడదు. ఊళ్లో నన్ను దొరసాని అనేవారు. ఈ దొరసాని భోగం ఏమిటయ్యా అంటే, ఆటల పీరియడ్‌లో తరగతి గదిలో ఒక్కతే కూర్చుని బయట జరిగే ఖోఖోను వినడం. చూడటం కాదు, వినడమే. అంత దూరం నాకు ఆనదు. "ఖో" అన్న కేక, వెనకాలే పరుగుల చప్పుడు, ఆ తర్వాత సారు విజిల్ వినపడేవి.

ఆ విజిల్ గురించి చెప్పాలి. సారు పొట్టి మనిషి, గొంతు కూడా చిన్నదే. అందుకని మాటల పనంతా విజిల్‌తోనే కానిచ్చేవారు. కోపం వస్తే ఒకసారి ఊదేవారు, సంతోషం వస్తే ఆపకుండా ఊదేవారు. వాళ్లావిడను మేమంతా అమ్మ అనేవాళ్లం. "ఇంట్ల చాయ్ గావాలన్నా గదే ఊదుతడు. పెండ్లయిన కొత్తల రైలొచ్చిందనుకున్న" అని ఆమె నవ్వేది.

తెలంగాణ వచ్చిన కొత్తల్లో నేను ఎనిమిదో తరగతి. శ్రావణమాసంలో ఒకరోజు ఆకాశమంతా పల్చటి తెల్లమబ్బు, హాయిగా చల్లగాలి. బడి చుట్టూ మొక్కలు నాటుతున్నారు. సారు గుమ్మంలోకి వచ్చి, "ఏందే బిడ్డా, ఒక్కదానివే గీడ ఏం జేస్తున్నవ్? మబ్బు వట్టింది, ఎండనే లేదు. రా" అన్నారు.

ఎండ లేదు. మన వైపు రోజుకు ఎన్నిసార్లు అంటామో ఆ మాట! నేను గొడుగూ చున్నీ బల్ల మీదే వదిలేసి ఒక్క ఉరుకు ఉరికాను. మధ్యాహ్నమంతా గుంతలు తవ్వాను, నీళ్లు మోశాను, ఆఖరికి ఖోఖోలో కూడా కూర్చున్నాను. అంత సంతోషం నాకు అంతకుముందు తెలియదు. పొద్దుగూకేసరికి మెడ, చెవులు, చేతులు మంటలు. మర్నాటికి నీళ్ల బొబ్బలు. చొక్కా తొడుక్కుంటే ప్రాణం పోయినట్టుండేది.

నన్ను కన్న అవ్వ తీర్పు చెప్పేసింది. "ఇగ బడి లేదు గిడి లేదు. ఇంట్ల కూసోని కండెలు సుట్టుకుంటది." మగ్గానికి కావలసిన నూలు చుట్టే పని అది, నీడపట్టునే అయిపోతుంది. బాపు అవుననలేదు, కాదనలేదు. మా ఇంట్లో అవ్వ మాటకు కాదనకపోవడమంటే అవుననడమే. నా చదువు అక్కడితో ఆగిపోబోతోందని ఎనిమిదో తరగతి పిల్లకు కూడా అర్థమైంది.

సారు మర్నాడే వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు, గడప బయటే నిలబడ్డారు. "తప్పు పిల్లది గాదు, నాది. ఎండ లేదన్నది నా నోరే" అన్నారు.

"నీ నోటికేమైంది సారూ, కాలింది పిల్ల తోలు" అంది అవ్వ.

సారు తల దించుకుని అదీ పడ్డారు. తర్వాత, "జర నాతోని పంపుండ్రి. నల్లగొండల తోలు డాక్టరుకు సూపిస్త" అన్నారు. బాపు, నేను, ఆయన కలిసి వెళ్లాం. డాక్టరు మందు రాసి, అసలు సంగతి విడమరిచి చెప్పారు. కాల్చే కిరణాలు వేరే ఉంటాయట. కంటికి కనపడవు, ఒంటికి వేడిగా తగలవు. పల్చటి మబ్బు వేడిని ఆపుతుంది గానీ వాటిని పెద్దగా ఆపదు. వాటిని కొలిచే చిన్న చేతి మిషన్లు దొరుకుతాయని కూడా ఆయనే చెప్పారు.

తిరుగు బస్సులో సారు నా వైపు తిరిగి కూర్చున్నారు. ఇలా అన్నారు: "మనం ఎండ అని ఒక్కటే మాట అంటం బిడ్డా. అండ్ల ఉడుకున్నది, ఎలుతురున్నది, గీ కాల్చేది గూడ ఉన్నది. మూడింటికీ ఒక్కటే పేరు వెట్టి మోసపోయినం."

కొన్నాళ్లకు ఆ మిషన్ పట్టుకుని మా ఇంటికి వచ్చారు. అగ్గిపెట్టె కంటే కొంచెం పెద్దది, ముందర నంబరు కనపడే అద్దం, పైన శనగగింజంత తెల్లటి చుక్క. యూవీ మీటరు అంటారట. సారు అదేమిటో చెప్పేలోపే అవ్వ దాన్ని లాక్కుని, నా చెయ్యెత్తి చంకలో పెట్టింది. "జరమెంతున్నది సారూ?" అని అడిగింది. సారు నవ్వు ఆపుకోలేక విజిల్ ఊదేశారు. పక్కింటివాళ్లు బయటికొచ్చి చూశారు.

దాన్ని ఎలా పట్టుకోవాలో ఆయన నాకు వాకిట్లోనే నేర్పారు. చెయ్యి చాచాలి, మన నీడ దాని మీద పడకూడదు, తెల్లచుక్క ఆకాశాన్ని చూడాలి, నంబరు గంతులు మానేసి కుదురుకునేదాకా ఓపిక పట్టాలి. వేపచెట్టు నీడలో కొలిస్తే నంబరు తగ్గింది గానీ సున్నా కాలేదు. సున్నం వేసిన గోడ దగ్గర కొలిస్తే మళ్లీ పెరిగింది. "సూసినవా, గోడ గూడ ఎండను వాపస్ గొడుతది. నీడల ఉన్ననని మురువకు" అన్నారు. మామూలువాళ్లకు మూడు లోపైతే ఫికర్ లేదట. నేను గొడుగు లేకుండా తిరగాలంటే ఒకటికి దిగాలని డాక్టరు చెప్పారు.

బాపుకు నమ్మకం కుదరలేదు. "నంబరు సూసి పిల్లను బయటికి పంపుడేంది సారూ? మబ్బున్నదని గట్లనే పంపితిమి" అన్నాడు. సారు వాదించలేదు. ఎర్రరంగు అద్దిన గుడ్డపీలిక ఒకటి అడిగి తీసుకుని, మా డాబా మీద పరిచి, సగం మీద ఇటుక పెట్టారు. రెండు వారాలు అలాగే ఉంచితే, ఒక్కనాడూ పొద్దు ముఖం చూసింది లేదు, అన్నీ మబ్బు రోజులే. అయినా ఇటుక తీసేసరికి దాని కింద ముదురు ఎరుపు అలాగే ఉంది, మిగతా సగం వెలిసిపోయింది. బాపు ఆ పీలికను మడిచి, రెండు సగాలనూ పక్కపక్కన పెట్టి చూశాడు.

"రంగేసిన నూలును నీడకే ఆరేస్తం మేము. పిల్లకు మాత్రం మబ్బు జాలనుకున్నం" అన్నాడు. ఆ సోమవారం నా పుస్తకాల సంచి బాపే భుజానికి తగిలించుకుని నన్ను బడిలో దింపాడు. అవ్వ రెండు రోజులు బాపుతో మాట్లాడలేదు.

బడిలో ఇంకో పేచీ మిగిలింది. ఆటల పీరియడ్‌ను ఆఖరుకు మార్చమని సారు అడిగారు. "ఒక్క పిల్ల కోసం టైంటేబుల్ మారుస్తరా?" అన్నారు పెద్దసారు. "ఒక్క పిల్ల గాదు సార్. మిగిలినోళ్ల తోలు ఏమన్న ఇనుప రేకా?" అన్నారు ఈయన. పీరియడ్ మారింది.

అయితే నా జీవితం నిజంగా మారింది ఆ తర్వాతి ఎండాకాలం సెలవుల్లో. సాయంత్రం పూట మన దిక్కు ఎలా ఉంటుందో మీకు తెలుసు. పొద్దు వాలినా నేల ఉడుకు కక్కుతూ ఉంటుంది, గాడ్పు ముఖం మీద కొడుతుంది, జనం కూలర్ల ముందు నుంచి కదలరు. అలాంటి వేళ మా వీధిలో విజిల్ మోగింది. "నంబరు ఒక్కటే! రాండ్రి!" అని సారు కేక. అవ్వ గుండెలు బాదుకుంది. "నిప్పుల కొలిమి లెక్కున్నది, గిప్పుడు తీస్కపోతవా?"

"అవ్వా, ఉడుకున్నది గానీ ఎండ లేదు" అన్నారు సారు. పోయిన శ్రావణంలో నన్ను కాల్చిన మాటే అది. ఈసారి చేతిలో నంబరు పెట్టుకుని అన్నారు.

చెమటలు కారుతూ ఆడాను. ఆ మసక వెలుతురులో నా కళ్లు కూడా మెరుగ్గా పనిచేసేవి. నా కోసం సారు ఒక రూలు పెట్టారు: "ఖో" ఇచ్చేవాళ్లు నా పేరు కూడా కలిపి అరవాలి. నేనేమీ కప్పులు గెలవలేదండీ. స్తంభం అనుకుని మనుషులనూ, మనిషి అనుకుని స్తంభాన్నీ పట్టుకున్నాను. అయినా ఆ సెలవులన్నీ సాయంత్రాలు బయటే గడిపాను. అది మీకు చిన్న విషయం కావచ్చు, నాకు మాత్రం కాదు.

మెల్లగా ఆ నంబరు ఊరంతా పాకింది. పత్తి ఏరడానికి వెళ్లే ఆడవాళ్లు "ఎంతున్నది సారూ?" అని అడిగి, కొంగు నిండా కప్పుకుని కదిలేవారు. ఒక రైతు మాత్రం, వాన ఎప్పుడు పడుతుందో అది చెప్పదా అని పట్టుబట్టాడు. "గది చెప్పేదైతె నేనింక డ్రిల్లు సారుగనే ఎందుకుంటనయ్యా?" అన్నారు సారు.

ఇంటర్‌కు ఊరు విడిచి వెళ్లేటప్పుడు మిషన్ నా చేతిలో పెట్టారు. "ఇది గొడుగు గాదు బిడ్డా. గొడుగు ఎప్పుడు ఇప్పాలెనో చెప్తదంతే. ఇప్పుడు నీ పని" అన్నారు. నాకు భువనగిరిలో బ్యాంకు ఉద్యోగం వచ్చాక కూడా ఆయన ఫోన్ చేస్తే బాగున్నావా అని ఎప్పుడూ అడగలేదు. "నంబరెంత?" అనేవారు. సాయంత్రం పూట అక్కడి రాతిగుట్ట పక్కన నడుస్తూ, రాయి ఉడుకంతా ఒంటికి తగులుతుంటే, "సున్నా సార్" అని చెప్పేదాన్ని. అటు నుంచి విజిల్ వినపడేది.

సారు పోయిన రోజు నేను బస్సు దిగి ఆయన ఇంటికి చేరేసరికి పొద్దు బాగా ఎక్కింది. నా ఒంటికి పొడుగు చేతుల చొక్కా, నల్ల కళ్లద్దాలు, చేతిలో గొడుగు. సారును అరుగు మీద పడుకోబెట్టారు. మెడలో విజిల్ లేకపోయేసరికి ఆయన ఎవరో వేరే మనిషిలా అనిపించారు. ఊరి పెద్దలు తొందరపడుతున్నారు. "పొద్దు మీదికొస్తాంది, లేపాలె." ఇక్కడే కాళ్లు మొక్కి ఆగిపోదామని నేను మనసుకు సర్దిచెప్పుకుంటున్నాను. శ్మశానం చాలా దూరం, దారిలో చెట్టన్నది లేదు.

సారు వాళ్లావిడ, మా అందరి అమ్మ, నన్ను చూసింది. ఏడ్చి ఏడ్చి ఎండిపోయిన గొంతుతో ఒకటే అడిగింది. "నంబరెంత బిడ్డా?"

సంచిలోంచి మిషన్ తీసి, చూరు దాటించి చెయ్యి చాచాను. "తొమ్మిది, అమ్మా."

"అయితె ఇప్పుడు లేపొద్దు. ఒకటికి దిగనియ్యుండ్రి" అంది ఆమె పెద్దలతో.

"గదెట్లమ్మా? గీ ఉడుకుల..." అన్నాడో పెద్దాయన.

"తిరుమలగిరికెళ్లి ఐసు పెట్టె కిరాయికి తెప్పియ్యుండ్రి. గా పిల్లను నంబరు సూసి ఇంట్లకెళ్లి బయటికి తీసిండు. ఆయినను గూడ నంబరు సూసే తీద్దాం."

ఇద్దరు కుర్రాళ్లు బండేసుకుని వెళ్లారు. పెట్టె వచ్చింది. ఆ మధ్యాహ్నమంతా వాకిట్లో షామియానా కింద ఊరు ఊరంతా కూర్చుంది. మా బ్యాచ్‌వాళ్లు ఒక్కొక్కరే చేరారు. మాటిమాటికీ ఎవరో ఒకరు నా వైపు తిరిగి "ఎంతయింది?" అనేవారు. నేను లేచి కొలిచి చెప్పేదాన్ని. మొదట వద్దన్న ఆ పెద్దాయనే అందరికన్నా ఎక్కువసార్లు అడిగాడు. నాలుగన్నప్పుడు "దిగుతాంది, దిగుతాంది" అని తనే అందరికీ చెప్పాడు.

ఒకటికి దిగింది. నేను చెప్పగానే అమ్మ లోపలికి వెళ్లి, మేకుకు వేలాడుతున్న విజిల్ తెచ్చింది. ఊదబోయింది గానీ ఊపిరి చాల్లేదు. నా చేతికిచ్చింది. నేను ఊదాను. మా బ్యాచ్‌వాళ్లు పాడెను భుజాలకెత్తుకున్నారు.

గొడుగు మూసి చంకలో పెట్టుకుని వెంట నడిచాను. నేల ఇంకా ఉడుకు కక్కుతూనే ఉంది. పొద్దు పడమట వాలి, మా నీడలు దారి పొడుగునా పడ్డాయి. అన్నీ ఒకే నలుపు. వాటిల్లో నాది ఏదో ఎంత చూసినా నాకు తెలియలేదు.