ఏడుపు ఆగిన చెవి

మొదటి పెద్ద యుద్ధానికి రెండేళ్ళ ముందు, చెరకు కోతలు మొదలైన నెలలో, నన్ను సముద్రాల అవతలి దీవిలో, నవాకా దగ్గరి ఒక చెరకుతోట ఆసుపత్రికి సహాయ వైద్యురాలిగా వేశారు. మద్రాసులో వైద్యం చదివి ఓడెక్కినదాన్ని కనుక నాకు పట్టా ఉంది. ఆ పట్టాతో అక్కడెవరికీ పనిలేదని వచ్చిన వారంలోనే తెలిసింది. రోగం ఉందో లేదో ముందు కులంబరు, అంటే కూలీల మీది తెల్ల ఓవర్సీరు, తేల్చేవాడు. ఆయనకు తోచకపోతే అప్పుడప్పుడూ గుర్రం మీద వచ్చే డాక్టరు దొర. ఆయనకూ తోచకపోతే నేను. ఆ ఇద్దరికీ తోచకపోవడమన్నది నా సర్వీసులో ఏనాడూ జరగలేదు.

పోలమ్మ గిర్మిట్ కూలి, అంటే ఐదేళ్ళ ఒప్పందానికి వేలిముద్ర వేసి ఓడెక్కి వచ్చిన మనిషి. ఆమె కొడుకు అప్పన్నకు ఏడాది నిండలేదు. జలుబు తగ్గుతోందనుకునే వేళకు జ్వరం తిరగబెట్టింది. పడుకోబెడితే కేకలు, భుజాన వేసుకుంటే కాస్త నయం. రొమ్ము పట్టి రెండు గుక్కలు మింగి, వదిలేసి ఏడ్చేవాడు. మింగినప్పుడల్లా చెవిలో పోటు పుడుతుంది. మాటలు రాని బిడ్డ దాన్ని చెప్పుకునే పద్ధతి అదే. నుదుటికి గుండ్రటి అద్దం కట్టుకుని, కిటికీ ఎండను చెవిలోకి తిప్పి, చెవితమ్మెను కిందికీ వెనక్కీ లాగి, చిన్న గరాటు పెట్టి చూశాను. ఆరోగ్యంగా ఉన్న కర్ణభేరి ముత్యపుచిప్ప లోపలి వైపులా ఉంటుంది. ఎర్రబడినంత మాత్రాన ఏమీ తేల్చకూడదు, గుక్కపట్టి ఏడ్చే ఏ బిడ్డకైనా ఎర్రబడుతుంది. ఉబ్బిందా లేదా అన్నది చూడాలి. అప్పన్న కుడిచెవిలో అది పూరీలా ఉబ్బి ఉంది. వెనక చీము నిండిందన్నమాట.

కర్ణభేరికి సన్నటి గాటు పెట్టి చీము వదలాలని డాక్టరు దొరకు మనవి చేశాను. "పళ్ళు" అన్నాడాయన. చంటిపిల్లల జబ్బులన్నీ ఆయనకు పళ్ళే. చిగుళ్ళు కోసి గుర్రమెక్కాడు. నోరెక్కడో చెవెక్కడో తెలుసుకోవడానికి సీమ దాకా వెళ్ళి చదవనక్కర్లేదని నా అభిప్రాయం. ఎవరూ అడగలేదు.

లైన్లలో, అంటే కూలీల ఇళ్ళ వరుసల్లో, పిల్లల్ని చూసుకునే ముసలామె నరసమ్మ. ఆ సాయంత్రం ఆమె ఉప్పూ మిరపకాయలూ తిప్పి దిష్టి తీసింది. తెల్లారేసరికి ఏడుపు ఆగింది. ఇక చూడాలి వైభవం! చిగుళ్ళు కోసినందుకని దొర, దిష్టి తీసినందుకని నరసమ్మ, అసలు జబ్బే లేదని కులంబరు. ముగ్గురూ గెలిచారు. పనికి రాకపోతే కోర్టుకు పంపుతానని కులంబరు కబురు చేస్తే, పోలమ్మ బిడ్డను నరసమ్మ ఒళ్ళో పెట్టి చెరకులోకి వెళ్ళింది. గిర్మిట్ మనిషికి కోర్టంటే జైలే.

కర్ణభేరి దానంతటది చిరిగినా నొప్పి పోతుంది. అందుకే మళ్ళీ చూస్తానన్నాను. ఏడవని బిడ్డను చూడటం కాలహరణమని కులంబరు వారం పాటు నన్ను లైన్లకు పోనివ్వలేదు. పోయేసరికి అప్పన్న చెవిలో ఆముదం దూది.

"ఇదేమిటి?"

"గాలి సొరకుండా ఆందంలో ముంచి కుక్కినానమ్మా. నీ సదువులో నేదేటి?" అంది నరసమ్మ.

"లేదు. నీ దగ్గరే నేర్చుకోవాలి."

"నేర్సుకో మరి! నీ అద్దానికి ఊరుకున్నాడా? నా మిరపకాయకి ఊరుకున్నాడు."

దూది లాగాను. వెనకే చిక్కటి చీము, కంపు. నరసమ్మ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. చీము తనంతట తాను దారి చేసుకుంటే, దానికి బిరడా వేశారు. చెవి వెనక ఎముక మీద ఎర్రటి వాపు, చెవి ముందుకు తోసుకొచ్చింది. అక్కడినుంచి మెదడు ఎంతో దూరం లేదు. వాడు ఏడవటం లేదన్నది నిజమే. ఏడ్చే ఓపిక లేదు.

పొలంలోకే వెళ్ళి పోలమ్మను పిలిచాను.

"నాను రానేనమ్మా, కులంబరు కోర్టుకంపేత్తాడు."

"పంపితే నేనూ వస్తాను. అక్కడ నీ వంతు కూడా నేనే వాగుతాను."

"వాగుతావు తల్లీ, నాకు తెల్దేటి!" అని కత్తి పడేసి వచ్చింది.

ఆ రోజు దొర వచ్చే రోజే కావడం అప్పన్న అదృష్టం. "తమరు కోసిన పన్ను ఇప్పుడు చెవి వెనక మొలుస్తోంది, వచ్చి చూడండి" అన్నాను. ఆయన ముఖం ఎర్రబడింది, ఉబ్బింది కూడా. నాది తప్పని నిరూపించడానికే బిడ్డ దగ్గరికి వచ్చాడు. నాకు కావలసిందీ అంతే, ఆ చెవిని ఎలాగో ఒకలా చూడటం. చూశాక కత్తి తీశాడు. చెవి వెనక ఎముక దాకా కోసి చీము వదిలాడు. కత్తిపని మాత్రం ఆయనకు వచ్చు, అబద్ధం ఎందుకు చెప్పాలి. తర్వాత కులంబరుతో, చెవేనని తనకు మొదటినుంచీ అనుమానమేననీ, గాయం మానేదాకా తల్లి ఆసుపత్రిలోనే ఉండాలనీ చెప్పాడు. మొదటి మాటను రెండో మాట కోసం నేను భరించాను.

అప్పన్న బతికాడు. కుడివైపునుంచి పిలిస్తే పలికేవాడు కాదు.

ఆ తర్వాత నేనొక పద్ధతి పెట్టుకున్నాను. ఏడ్చే పిల్లల జబ్బు వాళ్ళే చెప్పుకుంటారు. హఠాత్తుగా ఊరుకున్న బిడ్డ చెవిని ముందు చూసేదాన్ని, దూది ఉంటే తీసేసి. నయం చేసింది మేమేనని ఎంతమంది చెప్పుకుంటుంటే అంత తొందరగా.