మూడో పాటలో ఆగే చోటు

మొన్న శనివారం డాడీ పాత తెల్ల కారుని తీసుకుపోవడానికి మనుషులు వస్తామన్న టైముకి గంట ముందు, ఆఖరిసారి తుడుద్దామని తలుపు తీశాను. ఎండకి కాగిన సీట్ల వాసన, తలనొప్పి బామ్ వాసన, ఎన్నో ఆదివారాలు మోసిన చికెన్ పలావు ట్రేల మసాలా వాసన, మూడూ కలిసి గుప్పుమన్నాయి. గుడ్డ పక్కన పడేసి ఊరికే కూర్చున్నాను. చెయ్యి అలవాటుగా ప్లేయర్ మీట నొక్కితే బూడిద రంగు సీడీ ఒకటి బయటికొచ్చింది. దానిమీద అంచు నుంచి మధ్యదాకా వంకర గీత. ఆ గీత నా నిర్వాకమే.

ఇంగ్లండ్‌లో ఎప్పుడూ వాన పడే ఏదో ఊరి నుంచి వచ్చిన నలుగురు కుర్రాళ్ళ మొదటి ఆల్బమ్ అది. అట్ట మీద సముద్రపొడ్డున ఖాళీ బెంచీ. లోపల పది పాటలు, పదికి పదీ ఏడుపే. మా అక్క గ్రేస్‌కి పదహారో పుట్టినరోజుకి ఎవరో ఫ్రెండ్ ఇచ్చింది. అప్పటికే అక్క గది తలుపు మూసుకుని ఉండడం, డాడీ ఏమడిగినా "ఫైన్", "ఓకే" అనడం మొదలై చాన్నాళ్ళయింది. పాపం డాడీకి పిల్లలతో మాట్లాడ్డానికి తెలిసినవి రెండే సంగతులు: లెక్కలు, దేవుడు. ఆ రెండింటి మీదా అక్కకి అప్పట్లో మనసు లేదు. ఒకే ఇంట్లో ఇద్దరు అద్దెకున్నవాళ్ళలా తిరిగేవాళ్ళు.

ఆదివారం మాత్రం నలుగురం ఒకే కారులో, అమెరికాలో మేముండే సన్నీవేల్ నుంచి కొండల అవతలి డబ్లిన్ ఊరికి వెళ్ళక తప్పేది కాదు. అక్కడ అమెరికావాళ్ళ ఆరాధన అయిపోయాక మధ్యాహ్నం ఆ హాలు మా తెలుగు సంఘానికి ఇచ్చేవాళ్ళు. ఫిబ్రవరిలో దారిపొడుగునా ప్లమ్ పూలు రాలేవి, మార్చికి కొండలు పచ్చబడేవి, జూన్ వచ్చేసరికి అవే కొండలు వేయించిన సెనగపప్పు రంగుకి తిరిగేవి. అక్టోబరులో ఎక్కడో అడవి కాలిన పొగ అద్దాలు ఎత్తినా లోపలికొచ్చేది. డిసెంబరులో అమ్మ వండిన గులాబీ పువ్వుల డబ్బా నా ఒళ్ళో ఉండేది, హాలు చేరేసరికి పై వరస ఖాళీ. ఆదివారం కారులో దేవుడి పాటలు తప్ప వినకూడదని డాడీ శాసనం. పాత సినిమా పాటలంటే పడిచచ్చే అమ్మ, "ఏసయ్య మాత్రం వద్దన్నాడా ఏంటండీ?" అని సణిగి, నిద్రపోయేది.

ఓ ఆదివారం డాడీ పెట్రోలు పోయించడానికి దిగినప్పుడు అక్క తన సీడీ లోపలికి తోసేసింది. డాడీ వచ్చి కూర్చుని, బెల్టు పెట్టుకుని, రెండు పాటలు పూర్తిగా విన్నారు. ఆ బ్యాండు పాటగాడు మాటలు నమిలినమిలి పాడేవాడు. అమెరికా యాస పట్టుబడడానికే ఇన్నేళ్ళు పట్టిన డాడీకి అందులో ఒక్క ముక్క అర్థమయితే ఒట్టు.

"ఎవరమ్మా ఈ అబ్బాయి? విరిగి నలిగిన హృదయంతో పాడతన్నాడు!" అన్నారు మూడో పాటకి.

"ఇంగ్లండ్ బ్యాండ్, డాడీ."

"ఇంగ్లండా! అదీ సంగతి!" అని, నర్సాపురం దగ్గర వాళ్ళ తాతకి అక్షరాలు నేర్పిన మిషనరీ దొరగారి గురించి, ఆ దొర కళ్ళు తుడుచుకుంటూ కీర్తనలు పాడడం గురించి డబ్లిన్ దాకా చెప్పారు. వీళ్ళు కూడా అలాంటి భక్తులేనని ఆయనే తేల్చేసుకున్నారు. అక్క కాదనలేదు.

అలా మొదలైంది. తర్వాతి ఆదివారం డాడీయే "ఆ అబ్బాయిని పెట్టమ్మా" అన్నారు. ఈ గిటారు ఇలా ఎందుకు మోగుతుంది అని ఆయన అడగడం, గిటారు నేర్చుకుంటున్న అక్క ముందుకి వంగి చెప్పడం, ఇద్దరూ వాదించుకోవడం. ఇంట్లో దొరకని మాటలన్నీ ఆ నలభై నిమిషాల్లో దొరికేవి. ఈ మధ్యలో నేనో ఘనకార్యం చేశాను. పార్కింగ్‌లో గళ్ళు గీసి ఫోర్ స్క్వేర్ ఆడే బంతి పోయిందని సీడీ తెచ్చి సిమెంటు మీద బొంగరంలా తిప్పాను, గీత పడింది. అక్క నా జడ పట్టుకు గుంజింది. అప్పట్నుంచి మూడో పాటలో, అతను గొంతెత్తబోయే చోట, సీడీ ఒక్క క్షణం ఆగి మళ్ళీ అందుకునేది. ఆ ఆగడం పాటలోనే ఉందనుకున్న డాడీకి అదంటే మహా ఇష్టం. స్టీరింగ్ మీద ఉంగరంతో తాళం వేస్తూ, అక్కడ వేలు గాల్లో ఆపి, "ఆ ఆగడం చూశావా తల్లీ! అదీ పాటంటే" అనేవారు.

కొంప మునిగింది గుడ్‌ఫ్రైడే ముందు. మా సంఘంలో ఆరోజు ఒక్కో ఇంటివాళ్ళు ఒక స్పెషల్ సాంగ్ పాడాలి. డాడీ మూడో పాట పేరే పాస్టర్ అయ్యగారికి ఇచ్చేసి వచ్చి, తెర మీద వెయ్యడానికి మాటలు టైప్ చేస్తాను, సీడీతో వచ్చిన పుస్తకం ఇమ్మన్నారు. పోయిందని చెప్పి అక్క దాన్ని బియ్యం డబ్బాలో దాచింది. నిజం చెప్తే డాడీ పరువు పోతుంది, దాంతోపాటు ఆ ఆదివారపు కబుర్లూ పోతాయి. చెప్పకపోతే గుడిలో సిలువ ముందు నిలబడి ప్రేమ పాట పాడాలి. నాలుగు రోజులు అక్క సరిగ్గా తిండి తినలేదు.

గురువారం సాయంత్రం అమ్మ చపాతీలు కాలుస్తుంటే, అక్క డబ్బాలో చెయ్యి పెట్టి పుస్తకం తీసి, దులిపి, డాడీ చేతిలో పెట్టింది.

"ఇది దేవుడి పాట కాదు, డాడీ. వీడి గర్ల్‌ఫ్రెండ్ వదిలేసి వెళ్ళిపోయింది, అంతే. సారీ."

డాడీ కళ్ళజోడు పెట్టుకుని ఆ పేజీ అంతా నిలబడే చదివారు. పెనం మీద చపాతీ మాడింది.

"ముందే ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే మళ్ళీ పెట్టనివ్వవు. అప్పుడు కార్‌లో మనం ఏం మాట్లాడుకుంటాం?" అని అక్క భోరుమంది.

డాడీ పుస్తకం పట్టుకుని గదిలోకి వెళ్ళిపోయారు. పొద్దున్న లేచేసరికి భోజనాల బల్ల మీద కాగితం ఉంది. అదే బాణీకి డాడీ రాసిన తెలుగు మాటలు, తెలుగు చదవలేని అక్క కోసం కింద ఇంగ్లీషు అక్షరాల్లో: "నన్ను విడిచి ఎందాక పోయావు ప్రభూ, నీ దారిలోనే నేనింకా నిలిచి ఉన్నాను." ఆగే చోట మాత్రం ఎర్ర సిరాతో అడ్డగీత.

"ట్యూన్ స్టీల్ చేసినట్టు కాదా, డాడీ?" అంది అక్క, కళ్ళు వాచిపోయి.

"ఏసయ్య పక్క సిలువ మీది దొంగకి పరదైసు దొరికింది కూడా ఈరోజేనమ్మా. గిటారు తియ్యి."

మూడు గంటల ఆరాధన, ఖాళీ కడుపులు. అక్క గిటారు, డాడీ కీబోర్డు, పక్కన నేను. ఆ చోటికి రాగానే డాడీ వేలు గాల్లోకి ఎత్తారు. హాలంతా ఆయనతోపాటు ఊపిరి బిగబట్టింది. తర్వాత అల్లం మజ్జిగ పోస్తూ పాస్టర్ అయ్యగారు "ఎవరి కీర్తనండీ ఇది?" అంటే, "మా ఇంట్లోదేనండి" అన్నారు డాడీ.

ఆ తర్వాత అక్కా డాడీ రాసుకుపూసుకు తిరిగారని చెప్పను. కానీ అక్క కాలేజీ నుంచి ఫోన్ చేస్తే ఆయన మొదట అడిగేది, "ఆ అబ్బాయి మళ్ళీ ఏమన్నా పాడాడా?" అనే. రెండో ఆల్బమ్ హుషారుగా ఉందంటే, "కష్టాలు తీరినట్టున్నాయి పాపం, తీరనీ. మనకి మొదటిదే చాలు" అన్నారు. ఆ బ్యాండు ఎప్పుడో విడిపోయింది.

పోయిన చలికాలం డాడీ చనిపోయారు. భూస్థాపన రోజున, కొత్తగా వచ్చిన పాస్టర్ "మన సంఘంలోని పాత కీర్తన పాడుకుందాం" అన్నారు. ఆంటీలు కళ్ళు మూసుకుని డాడీ పాటే అందుకున్నారు. ఆ చోట అందరూ ఆగారు, ఎందుకు ఆగుతున్నామో తెలియకుండానే. అక్క నావైపు చూసింది. ఏడుస్తూనే ఇద్దరికీ నవ్వాగలేదు.

శనివారం కారు వెళ్ళిపోయింది. సీడీ వేసే ప్లేయరు ఇప్పుడు మా ఇంట్లో లేదు, అక్క ఇంట్లోనూ లేదు. ఆ సాయంత్రం అక్క వస్తే, ఫోన్‌లో ఆల్బమ్ వెతికి మూడో పాట పెట్టాను. వంటింట్లో నిలబడి ఇద్దరం దాంతోపాటే పాడాం, డాడీ మాటలతో. ఆ చోటికి వచ్చేసరికి అక్క వేలు దానంతటదే గాల్లోకి లేచింది. ఇద్దరం ఆగాం.

అతను ఆగలేదు. పాడుకుంటూ వెళ్ళిపోయాడు.

"ఏంటే, ఆగడేంటి వీడు?" అంది అక్క, వేలు ఇంకా దించకుండానే.