పాట కింద మునిగిన మాట

చెప్పవలసిన చోట ఒక మాట చెప్పకుండా ఊరుకున్నాను. అది జరిగి పాతికేళ్లు దాటింది. కొర్రమట్ట చేపల టేపు తీసింది నేనేనని మా అమ్మ పుట్టిన ఊళ్లో అందరికీ తెలుసు. దాన్ని ఎవరికీ చూపించనని మాట ఇచ్చి తీశానన్న సంగతి మాత్రం ముగ్గురికే తెలుసు. ఆ ముగ్గురిలో ఒకావిడ చెప్పి చూసింది, ఎవరూ నమ్మలేదు. ఒకాయన నేను చెబుతానని నా ముఖం వైపు చూశాడు. మూడోవాణ్ని నేను.

మొన్న ఆషాఢంలో, పెళ్లిళ్లు లేక ఆర్మూర్‌లోని మా స్టూడియో బోసిపోయిన ఒక మధ్యాహ్నం, పట్టా పాసుబుక్కు జిరాక్స్ కోసం వచ్చిన రైతు ఒకాయన కరెంటు వచ్చేదాకా కూర్చొని తన ఫోనులో ఒక వీడియో చూపించాడు. ఎక్కడిదో సముద్రమంత సరస్సు, దాని అడుగుకు కెమెరా దించి తీశారు. రాళ్ల సందులోంచి ఒక పెద్ద చేప నింపాదిగా వచ్చి, కెమెరాకు మూతి ఆనించి, ఇందులో తనకు పనికొచ్చేదేమీ లేదన్నట్టు వెనక్కి తిరిగింది. దాని మీద ఎవరో హుషారైన పాట ఒకటి పెట్టారు. రైతు మురిసిపోతున్నాడు. నాకు మాత్రం ఆ పాట కింద ఏ మాటలుండేవో అనిపించింది. కెమెరా దించిన వాళ్లు పడవలో కూర్చొని ఏదో ఒకటి మాట్లాడుకొనే ఉంటారు కదా. నేను కూడా ఒకప్పుడు అలాగే ఒకరి మాటల మీద పాట పెట్టాను.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో వీడియో అంటే పెళ్లి, పెళ్లంటే వీడియో. మా నాయన పసుపు మార్కెట్లో హమాలీ. ఇంట్లో దుప్పట్ల నుంచి నా చొక్కా కాలర్ దాకా అన్నీ పచ్చగానే ఉండేవి కాబట్టి, నేను కెమెరా పట్టుకొని పెళ్లింట్లో అడుగుపెడితే పెళ్లికొడుకు కంటే ముందే నలుగు పెట్టుకొని వచ్చావేమిటని ఆడవాళ్లు ఏడిపించేవారు. పసుపు అమ్ముడుపోయాక ఎండాకాలమంతా పెళ్లిళ్లే. అవి అయిపోతే స్టూడియో యజమాని కెమెరాను నా చేతికే వదిలేసేవాడు. అలాంటి ఒక ఖాళీ రోజున, స్టూడియోలో చేపలు చచ్చిపోయి ఊరికే పడున్న గాజు తొట్టిని చూసి నాకు ఒక ఆలోచన వచ్చింది. కెమెరాను ఆ తొట్టిలో పెట్టి, తొట్టిని సగం దాకా నీళ్లలోకి అదిమి పట్టుకుంటే నీటి కిందిది కనబడదా?

మా అమ్మది ముప్కాల్ దాటాక పోచంపాడు ప్రాజెక్టు నీళ్ల అంచున ఉన్న పల్లె. అక్కడ వరసకు మామ అయ్యే ఒక బెస్తాయన ఉండేవాడు. రక్త సంబంధం లేదు, అమ్మ ఆయనను అన్నా అని పిలిచేది, అంతే. చిన్నప్పుడు సెలవులకు పోతే ఆయన గుండ్రటి పుట్టి పడవలోనే మా తిరుగుడంతా. నా ఆలోచన విని నవ్వాడు, కానీ కాదనలేదు. ఆయన భార్య, మా అత్త కూడా మాతో పుట్టి ఎక్కింది.

తీసుకుపోయింది ఒక మూలకు. నీళ్లు తగ్గిన ఆ రోజుల్లో, ప్రాజెక్టులో మునిగిపోయిన పాత మోటబావి రాతి కంబాలు రెండు అక్కడ పైకి తేలి ఉండేవి. ఒకటి నిటారుగా, ఒకటి దాని మీదికి ఒరిగి. ఆ వెనక నాచు పట్టిన లోతులేని మడుగు. దాన్ని వాళ్లు నారుమడి అనేవారు. తొలకరికి కొంచెం ముందే కొర్రమట్టలు అక్కడ పిల్లలు చేస్తాయి. ఆ పిల్లలు పెద్దవై విడిపోయే దాకా బెస్త సంఘంలో ఎవరూ అక్కడ వల వేయరు, బయటివాళ్లకు ఆ చోటు చెప్పరు. ఎక్కడా రాసుకున్న షరతు కాదు అది. నారు పోసిన మడిలో ఎవరూ కాలు పెట్టనట్టే ఇది కూడా.

తొట్టిని నీళ్లలోకి అదిమాను. అత్త ఊరుకుంటుందా, "ఏంది అల్లుడా, కొర్రమట్టలకు లగ్గం వీడియో తీస్తున్నవా?" అంది.

"లగ్గం ఎప్పుడో అయింది, గిప్పుడు పిల్లలే. నువ్వు జర నోరు ముయ్యి, బెదురుతయి," అన్నాడు మామ.

"నా నోటికి బెదిరేటోళ్లయితే నువ్వెప్పుడో ఉరికిపోతుంటివి," అని అత్త నవ్వింది.

ఎర్రటి పిల్లలు, కుంకుమ కలిపిన నీళ్లలాగా ఒక గుంపుగా కదులుతున్నాయి. గుంపు కింద తల్లి, కొంచెం ఎడంగా తండ్రి. ఒక పిల్ల పక్కకు జరిగితే తల్లి మెల్లగా అటు తిరిగేది, పిల్ల మళ్లీ గుంపులో కలిసేది. తొట్టిని నేను పట్టుకొని, వంగి కెమెరాలోంచి చూడమని మామతో అన్నాను. ఆయన మోకాళ్ల మీద వంగి కన్ను ఆనించాడు. తర్వాత అన్నాడు: "నేను వీటిని వలల చూసిన, గంపల చూసిన, కూరల చూసిన. వాటింట్ల చూసుడు గిదే మొదలు అల్లుడా."

తిరిగి వస్తూ నేను ఆ రాతి కంబాలను తీస్తుంటే, కెమెరా నడుస్తుండగానే నా చెయ్యి పట్టుకున్నాడు. "గీ జాగ ఎవ్వలకు చూపియ్యకు. మిరుగం దగ్గరికొచ్చింది. తెలిసిందంటే ఒక్కదాన్ని మిగలనియ్యరు."

"చూపియ్య మామా, ఒట్టు."

"ఒట్టెందుకు? మాట చాలు."

మిరుగం నాడు, అంటే మృగశిర కార్తె మొదలయ్యే రోజున, మన ఇళ్లలో చేప వండకపోవడమంటే ఏమిటో నేను చెప్పనక్కరలేదు. ఆ రోజు కొర్రమట్ట దొరికినవాడే గొప్పోడు. ఆర్మూర్‌లో అప్పుడు కేబుల్ నడిపే ఆయన, మిరుగానికి ముందురోజు వేయడానికి ఏదైనా కొత్తది ఉందా అని మా స్టూడియోకి వచ్చాడు. నా దగ్గర ఉందని చెప్పాను. ఎందుకు చెప్పానని ఇన్నేళ్లు నన్ను నేనే అడుగుతూ వచ్చాను. ఆయన నాకిచ్చింది ఏమీ లేదు. ఎప్పుడూ ఎవరి పెళ్లినో తీసేవాణ్ని, నాదంటూ ఒకటి నలుగురూ చూడాలనిపించింది, అంతకు మించి కారణమేదీ దొరకలేదు. పడవలోని మాటల మీద ఒక సినిమా పాట పెట్టి ఇంకో టేపులోకి ఎక్కించాను. మాటలు వినబడకపోతే చోటు ఎవరికీ తెలియదని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. కానీ చివర్లో, అందంగా ఉందని, ఆ రెండు రాతి కంబాలను అలాగే ఉంచేశాను.

సాయంత్రం టీవీలో వచ్చింది. తెల్లవారేసరికి అటు జక్రాన్‌పల్లి దాకా ఎక్కడెక్కడి వాళ్లో మోటారు సైకిళ్ల మీద ఆ మూలకు దిగారు. ఒరిగిన కంబాన్ని గుర్తు పట్టడానికి ఎంతసేపు? వలలున్నవాళ్లు వలలు, లేనివాళ్లు దోమతెరలు పట్టుకొచ్చారు. నేను పోయేటప్పటికి మడుగు బురద బురదగా ఉంది. పెద్ద చేప ఒక్కటి మిగల్లేదు. ఎర్రటి పిల్లలు మాత్రం ఎవరికీ అక్కరలేక ఒడ్డు బురద మీద సన్నటి పొరలాగా ఎండుతున్నాయి.

ఆ మధ్యాహ్నమే సంఘం వాళ్లు రేకుల షెడ్డు కింద కూర్చున్నారు. నన్నూ పిలిచారు. చోటు ఎవరు చూపించారని సంఘం పెద్ద నన్ను అడిగాడు. నా నోరు పెగలక ముందే మామ, "నేనే తీస్కపోయిన," అన్నాడు.

"టీవీల ఎయ్యమని కూడా నువ్వే చెప్పినవా?"

మామ నా వైపు చూశాడు.

"ఎవ్వలకు చూపియ్యద్దన్నడు, నా చెవుల్తోని విన్న," అని అత్త లేచింది. "పెండ్లాం మొగని దిక్కే చెప్తది తియ్యి," అని ఎవరో నవ్వారు. సంఘం పెద్ద మళ్లీ నా వైపు తిరిగాడు. ఒక్క మాట చాలు. ఆ మాట ఉన్న అసలు టేపు ఇంట్లో బీరువాలోనే ఉంది. చుట్టూ ఉన్నవాళ్ల ముఖాలు చూసి భయం వేసింది. కొడతారని, కెమెరా పగలగొడతారని, మేనమామల ఇంటి పరువు పోతుందని. కెమెరా సంచి పొట్టకు గట్టిగా అదుముకొని తల దించుకున్నాను. నా మౌనాన్ని వాళ్లు, మామే వేయమన్నాడని అర్థం చేసుకున్నారు. "పిలగాడు, వాన్ని ఇడువుండ్రి," అన్నాడు మామ. నేను తల ఎత్తలేదు.

ఆయనను ఎవరూ కొట్టలేదు, తిట్టలేదు. వల రెండో కొస పట్టడం మానేశారు, అంతే. లాగుడు వల ఒక్కడు లాగేది కాదు, ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు ఉండాలి. ఆ తర్వాత ఆ చివర పట్టింది అత్తే. చీర కుచ్చెళ్లు పైకి దోపుకొని, నడుము లోతు నీళ్లలో ఆమె వల లాగుతుంటే బస్సు కిటికీలోంచి ఒకసారి చూశాను. అక్కడ దిగవలసినవాణ్ని, దిగకుండా ముందుకు పోయి వేరే ఊళ్లో దిగాను. మామ అప్పుడప్పుడు గంప పెట్టుకొని ఆర్మూర్ అంగడికి వచ్చేవాడు. ఒకసారి ఎదురుపడి, "మంచిగున్నవా అల్లుడా? పెండ్లి చేస్కున్నవంట, మమ్ముల పిలవకపోతివి," అన్నాడు. ఆ గొంతులో కోపం ఉంటే బాగుండేది. అప్పటి నుంచి అంగడి రోజున ఆ వీధిలోకే పోలేదు. కొన్నేళ్లకు అత్త పోయిందని అమ్మ చెప్పింది. దినానికి కూడా పోలేదు. వల పట్టేవాళ్లు లేక మామ గాలం వేసుకొని బతుకుతున్నాడని తర్వాత తెలిసింది.

మొన్న ఫోనులో వీడియో చూపించిన ఆ రైతు పోయాక ఇంటికి వెళ్లి బీరువా అడుగున టేపు వెతికాను. బూజు పట్టింది. నిజామాబాద్‌లో పాత టేపులు బాగుచేసే ఒకాయన దాన్ని కడిగి, తుడిచి, నా ఫోనులోకి ఎక్కించి ఇచ్చాడు. బస్టాండులో కూర్చొని విన్నాను. బొమ్మ సగం చెరిగిపోయింది, మాటలు మాత్రం నిన్న మాట్లాడినంత స్పష్టంగా ఉన్నాయి. "ఒట్టెందుకు? మాట చాలు." బస్సు వచ్చింది, పోయింది.

మర్నాడు పొద్దున్నే పల్లెకు పోయాను. అదే రేకుల షెడ్డు. సంఘంలో ఇప్పుడు ఉన్నది అప్పటివాళ్ల కొడుకులు. చేప పిల్లలు లారీలో డ్రమ్ముల్లో వస్తాయి, తెచ్చి నీళ్లలో పోస్తారు. నారుమడి ఎక్కడుండేదో వాళ్లలో చాలామందికి తెలియదు. సంఘం పెద్ద పోయి చాలా కాలమైందట. ఆనాటి మాట వినవలసిన వాళ్లలో మిగిలింది ఇద్దరు ముసలివాళ్లే, షెడ్డు చివర వల కుడుతున్నారు. నీటి అడుగున ఉన్నది చూడటం ఇప్పుడు ఎవరికైనా చేతనవుతుంది, ఫోను తీస్తే చాలు. చూసింది తనలోనే దాచుకోవడం ఒకటి ఉండేది, నాకు తెలిసి అది మామ తరంతోనే ఆగిపోయింది, మా తరంలో దాన్ని పోగొట్టినవాణ్ని నేనే. మామ వాళ్లిద్దరికీ దూరంగా గట్టు మీద ఒక్కడే కూర్చున్నాడు. కళ్లకు పొర వచ్చింది. మామా అన్న నా గొంతు విని, "ఆర్మూర్ అల్లుడా?" అన్నాడు.

ఆ ఇద్దరినీ దగ్గరికి పిలిచాను. కుర్రవాళ్లు కూడా చుట్టూ చేరారు. ఫోను మామ చెవి దగ్గర పెట్టి, అందరికీ వినబడేంత గట్టిగా, ఈసారి ఏ పాటా లేకుండా వినిపించాను. లగ్గం వీడియో మాట రాగానే మామ చెయ్యి గాలిలోకి లేచి ఫోనును తడిమింది. ఆయన చెప్పిన మాట వచ్చింది, నేను ఇచ్చిన మాట కూడా వచ్చింది. ముసలివాళ్లలో ఒకాయన సూది పక్కన పెట్టి, "గీ మాట గప్పుడే చెప్తే నీ సొమ్మేం పోతుండెరా?" అన్నాడు.

మామ ఆ మాటలేవీ పట్టించుకోలేదు. తన పేరు బాగుపడిందన్నది ఆయనకు తోచినట్టు కూడా లేదు. "అత్త నవ్వినకాడ మల్ల ఒక్కపారి పెట్టు బిడ్డా," అన్నాడు. పెట్టాను. ఇంకోసారి పెట్టమన్నాడు. మూడోసారి విన్నాక ఫోను నా చేతిలో పెట్టి, నా చెయ్యి వదలకుండా అలాగే ఉన్నాడు. అప్పుడు చెప్పాను. ఆ ఇద్దరూ వినేలా, కుర్రవాళ్లూ వినేలా చెప్పాను.

"నువ్వు వద్దన్నవు మామా. నేనే చూపిచ్చిన. గా దినం నువ్వు నా మొగం దిక్కు చూస్తే తల దించుకున్న. అత్తతోని వల గుంజిపిచ్చింది నేనే. తప్పు నాది. నన్ను మాఫ్ చెయ్యి."