విప్పేసిన నాలుగు పేజీలు

1948 సెప్టెంబరు. సికింద్రాబాదులో, బన్సీలాల్‌పేట్ దగ్గర ఒక చిన్న ప్రెస్‌లో నేను డిస్ట్రిబ్యూషన్ పని చేసేదాన్ని. అచ్చు అయిపోయాక సీసపు అక్షరాలను విడదీసి, దేని గడిలో దాన్ని తిరిగి వేయడమే ఆ పని. చదువు అక్కర్లేదు. అక్షరాన్ని ఆకారంతో పోల్చుకునేదాన్ని, దాని పేరేమిటో నన్నెవరూ అడగలేదు. నాకు ఇప్పటికీ సంతకం తప్ప రాదు. మా ఆయన అదే ప్రెస్‌లో మిషన్ తొక్కేవాడు. ఆయన పోయాక నన్ను పెట్టుకున్నారు.

ఖాదర్ సారు అని ఒక పంతులు మా ప్రెస్‌కు వచ్చేవారు. వయసులో ఉన్నప్పుడు పత్రికలకు వార్తలు రాశారట. తర్వాత బడిలో తెలుగు చెబుతూ, పిల్లల కోసం జంతువుల మీద పుస్తకం రాశారు. బడి వదిలాక వచ్చి, తన కాగితాలు పైకి చదివేవారు. అక్షరాలు కూర్చే కంపోజిటర్ ప్రూఫ్‌లో, అంటే నమూనా అచ్చులో, తప్పులు పట్టేవాడు. తప్పు దొరికితే సారు మళ్లీ మొదటినుంచి చదివేవారు. నేను నా పని చేసుకుంటూ వినేదాన్ని. చదవడం అయ్యాక కాగితాలు, ప్రూఫులు ఆయనే ఇంటికి తీసుకుపోయేవారు.

ఆ పుస్తకానివి పదహారు పేజీలు కూర్చి, అక్షరాలు చెదరకుండా దారం కట్టి, అచ్చుకు వెళ్లేదాకా బండ మీద పెట్టారు. ఇంతలో పోలీసు యాక్షన్ అని మిలట్రీ వచ్చింది. బజార్లు మూతపడ్డాయి. మళ్లీ ప్రెస్ తలుపు తీసేసరికి ఒకటే నోటీసుల పని. అక్షరాలు చాలలేదు.

"సారుది విప్పెయ్, రాములమ్మా," అన్నాడు ప్రెస్ యజమాని, మా సేఠ్.

"ఇంకా అచ్చే కాలే గద సేఠ్! సారొస్తే ఏమంటడు?"

"ఎక్కడికెల్లి వస్తడు? ఇంటికి తాళమున్నదట. విప్పు."

విప్పాను. నాలుగు పేజీలయ్యాయి. ఐదో పేజీ దారం మీద చెయ్యి వేసినప్పుడు సారు గుమ్మంలో నిలబడి ఉన్నారు. గడ్డం తీసేశారు, ముందు పోల్చుకోలేకపోయాను. ఇన్నాళ్లూ నేరేడ్‌మెట్‌లో బావమరిది ఇంట్లో తలదాచుకున్నారట.

"నా పుస్తకం సలామతేనా సేఠ్?" అన్నారు. "సోదాకొస్తరని భయపడి మా ఇంటామె కాగితాలన్నీ పొయ్యిల పెట్టింది. నేను రాసింది లేదు, ప్రూఫులు లేవు. ఇగ ఉన్నదంతా మీ దగ్గరి సీసమే."

సేఠ్ తల దించుకున్నాడు.

"నాలుగు పేజీలు నేనే విప్పిన సారూ," అన్నాను.

ఆయన కోపపడలేదు. స్టూలు మీద కూర్చుని బండ మీది ఖాళీ జాగాను చూశారు. "ఏ నాలుగు?"

"ముందటివి. మిలట్రీ కంచరగాడిదవి."

"రెండేండ్ల కింద రాసిన. మొత్తం యాద్ లేదమ్మా నాకు."

"నాకు యాదికున్నది."

సేఠ్ నవ్వాడు. "అక్షరం ముక్క రాదు, పుస్తకం చెప్తదట!"

"సారు మూడుసార్లు చదివిండు. నా చెవులకు ఏమన్న తాళమేసినవా సేఠ్?"

సారు పెన్ను తీశారు. సేఠే పాడైన నోటీసులు వెనక్కి తిప్పి ఇచ్చాడు. నేను చెబుతుంటే ఆయన రాశారు. చదివేటప్పుడు ఆయన గొంతు ఎక్కడ ఆగేదో నేనూ అక్కడే ఆగాను. బరువు మించితే కంచరగాడిద కొట్టినా కదలదు అనేదాకా వచ్చి, "బరువు దించినంక సుత ఎంటనే నడువదు. ఒకసారి ఎనకకు తిరిగి చూసుకుంటది," అన్నాను.

పెన్ను ఆగింది. "ఇది నేను రాయలే, రాములమ్మా."

సిగ్గేసింది. మా ఆయన ప్రెస్‌కు రాకముందు కంటోన్మెంట్‌లో కంచరగాడిదలను తోలేవాడు. ఆ మాట ఆయనది. సారు చదువుతుంటే వింటూ వింటూ, ఎప్పుడో దాన్ని ఆ పుస్తకంలో కలిపేసుకున్నాను.

"కొట్టెయ్యిన్రి సారూ."

"నిజమేనా అది?"

"మా ఆయన కండ్లార చూసిండు."

"అయితే ఉండనీ."

మిగిలిన పన్నెండు పేజీల జోలికి సేఠ్ పోలేదు. ఆ నాలుగూ మళ్లీ కూర్చారు. పుస్తకం అచ్చయింది.

చెప్పిన పనే చేశానని ఆ రోజు నేను తప్పించుకోగలిగేదాన్నే. కానీ ఆ ఖాళీ బండ నన్ను వదల్లేదు. ఆ తర్వాత పనిచేసినన్నాళ్లూ, "రాసినాయన దగ్గర ఇంకో కాపీ ఉన్నదా?" అని అడగకుండా ఏ పేజీ దారమూ విప్పలేదు. సేఠ్ విసుక్కున్నా అడిగాను.

అచ్చయ్యాక కంచరగాడిద పేజీలు విప్పడానికి మళ్లీ నా దగ్గరికే వచ్చాయి. మా ఆయన మాట ఏ వరుసలో ఉందో కంపోజిటర్‌ను అడిగి, చుట్టూ ఉన్నవన్నీ తీసేసి, ఆ ఒక్క వరుసను ఆఖరున విప్పడానికి ఉంచుకున్నాను.