పాటలో మా మాట నిలబెట్టిన టీచర్ గారు

మా పక్కింటి టీచర్ గారు పోయిన నెలలో కన్నుమూశారు. వాళ్ళబ్బాయి హాస్పిటల్ నుంచి ఫోన్ చేసేసరికి నేను పనికి బయలుదేరుతూ బూట్లు వేసుకుంటున్నాను. "పొద్దున ఆరింటికి, నిద్రలోనే" అన్నాడు. ఒంటి కాలి బూటుతో మెట్ల మీద అలాగే కూర్చుండిపోయాను. రెండు రోజుల తర్వాత పేపర్లో ఆమె ఫొటో వేసి, గాయని, పాటల రచయిత్రి అని రాసి, వచ్చిన అవార్డులన్నీ వరసగా ఇచ్చారు. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ అవార్డుల్లో అన్నిటికన్నా పెద్దది ఎలా వచ్చిందో మా ఇంటిల్లిపాదికీ తెలుసు. అది చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఆమె పుట్టింది ఇంగ్లండ్‌లో, ఒక రేవు పట్నంలో. ఇరవై ఏళ్ళు దాటీ దాటకముందే సొంతంగా రాసి పాడిన పాటలతో ఒక రికార్డు తెచ్చారు. ఈ గొంతును గుర్తుపెట్టుకోండి అని అక్కడి విమర్శకులు రాశారట. రెండో రికార్డును ఎవరూ పట్టించుకోలేదు. పెళ్ళయి కెనడా వచ్చారు. కొడుకు పుట్టాక భర్త నుంచి విడిపోయి, ఇక్కడ మా ఊరు ఎటోబికోలో గిటార్ పాఠాలు చెప్పుకుంటూ ఉండిపోయారు. మేము పక్క టౌన్‌హౌస్‌లో దిగేనాటికి ఆమెకు అరవై దాటాయి. అప్పటికీ పాటలు రాస్తూనే ఉన్నారు. లైబ్రరీల్లో, చర్చి హాళ్ళలో పాడేవారు. జానపద సంగీత సంఘాలవాళ్ళు ఇచ్చిన చిన్న చిన్న అవార్డులు నాలుగైదు ఉండేవి.

మా అమ్మాయి తొమ్మిదో ఏట ఆమె దగ్గర గిటార్ నేర్చుకోవడం మొదలుపెట్టింది. పాఠం చెప్పేటప్పుడు ఆమె ఒకే మాట అనేవారు. "తప్పు వస్తే రానీ. పాట ఆగితే మాత్రం నేనూరుకోను." ఏ విద్యార్థి అయినా మొదటిసారి ఒక పాట ఆగకుండా చివరిదాకా వాయిస్తే, అల్మరాలోంచి ఒక అవార్డు తీసి చేతుల్లో పెట్టేవారు. "ఎంత బరువుందో చూసుకో. రేపు నీకొచ్చినప్పుడు ఇది కొత్తగా అనిపించకూడదు" అనేవారు. మా అమ్మాయి ఆ గాజు పలకను రెండు చేతులా పట్టుకుని ఊపిరి బిగబట్టి నిలుచున్న ఫొటో ఇప్పటికీ నా ఫోన్లో ఉంది.

మా అత్తయ్య బాపట్ల నుంచి మా దగ్గరికి వచ్చింది ఆ మరుసటి ఏడాదే. ఆవిడకి ఇంగ్లీషు ఒక్క ముక్క రాదు. ఆ చలికాలంలో టీచర్ గారికి మోకాలి ఆపరేషన్ అయింది. గడ్డకట్టిన మెట్ల మీద కర్ర పట్టుకుని దిగుతుంటే, మా అత్తయ్య తలుపు తీసి, చలి లోపలికి కొడుతున్నా లెక్కచేయకుండా, "మెల్లగా అమ్మా, మెల్లగా... మెల్లగా" అని ఆమె కారెక్కేదాకా అంటూనే ఉండేది. రోజూ ఇదే తంతు.

ఒకరోజు టీచర్ గారు మా అమ్మాయిని అడిగారు, మీ నానమ్మ ఏమంటున్నారని.

"స్లోలీ అని. బట్ ఇట్స్ నైసర్ దేన్ స్లోలీ" అంది మా అమ్మాయి.

ఆ ఎండాకాలానికి పాట తయారైంది. ఒకరి భాష ఒకరికి రాని ఇద్దరు ముసలివాళ్ళ పాట. మంచు మెట్లు, కర్ర చప్పుడు, పక్కింటి తలుపులోంచి వచ్చే గొంతు. పల్లవి చివర ప్రతిసారీ ఇంగ్లీషు ఆగిపోయి, "మెల్లగా, మెల్లగా" అని వస్తుంది. మా వంటింట్లో మొదటిసారి పాడి వినిపించినప్పుడు అత్తయ్య కూరగాయల కత్తి పక్కన పెట్టేసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది.

ఒక రికార్డు కంపెనీవాళ్ళకు ఆ పాటా, ఆమె రాసిన మిగతా కొత్త పాటలూ నచ్చాయి. దాదాపు నలభై ఏళ్ళ తర్వాత ఆమెకు వచ్చిన అవకాశం అది. కాకపోతే ఒక షరతు పెట్టారు. ఆ తెలుగు మాట తీసేసి ఇంగ్లీషు మాట పెట్టాలి, వినేవాళ్ళకి అర్థం కాదు అన్నారు. ఆమె మర్నాడే మా ఇంటికి వచ్చి, మా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకుని, అత్తయ్యనే అడిగారు. "ఇది మీ మాట. మీరు తీసేయమంటే తీసేస్తాను. వాళ్ళు తీసేయమంటే మాత్రం తీయను."

"ఆవిడ పాట, ఆవిడిష్టం. నా కోసమని చేతికొచ్చిన అవకాశం పోగొట్టుకోవద్దని చెప్పవే" అంది అత్తయ్య మనవరాలితో. మళ్ళీ తనే ఆపుకోలేక, "ఉంచేటట్టయితే మటుకు ఆ 'ల్ల' కాస్త గట్టిగా పలకమను. మెలగా, మెలగా అంటోంది" అంది.

మా అమ్మాయి అది చెప్పగానే టీచర్ గారు పగలబడి నవ్వారు. ఆ రోజు ఒక గంటసేపు మా వంటింట్లో 'ల్ల' పాఠం నడిచింది. ఈసారి విద్యార్థి ఆమె.

మాట తీయనని ఆమె చెప్పేసరికి కంపెనీవాళ్ళు ఆ రికార్డే వద్దనేశారు. నాకు భయం వేసింది. మా ఇంటి మాట కోసం ఆమె ఇంతకాలం ఎదురుచూసిన అవకాశం పోగొట్టుకున్నారే అని కుమిలిపోయాను. ఆమె మాత్రం పాత విద్యార్థి ఒకతని స్టూడియోలో వారం రోజులు కూర్చుని రికార్డింగ్ పూర్తి చేసి, తనే విడుదల చేశారు.

మూడు నెలలు ఏ చప్పుడూ లేదు. తర్వాత ఒక పెద్ద పత్రికలో సమీక్ష వచ్చింది. ఆమె జీవితంలో అంతగా మెచ్చుకున్న సమీక్ష లేదు. ఈ వయసులో ఇంత సూటిగా రాసేవాళ్ళు అరుదు అన్నాడు విమర్శకుడు. ఒక్కచోట మాత్రం, పల్లవిలో వచ్చే అర్థంలేని తీయటి శబ్దాలు భలే ఉన్నాయని రాశాడు. ఇంకొకరైతే ఆ పేజీ ఫ్రేమ్ కట్టించుకుని ఊరుకునేవారు. ఆమె ఆ సాయంత్రమే పత్రికకు ఉత్తరం రాశారు. "మీ మెప్పుకు కృతజ్ఞతలు. కానీ అవి అర్థంలేని శబ్దాలు కావు. అది తెలుగు. ఆ మాట నన్ను ఒక చలికాలమంతా పడకుండా నిలబెట్టింది."

పత్రిక ఆ ఉత్తరాన్ని అచ్చు వేసింది. విమర్శకుడు ఆ మాట అర్థం చెప్పి, తన పొరపాటు ఒప్పుకుంటూ రెండోసారి రాశాడు. ఆ పేజీ కత్తిరించి నేను మా ఫార్మసీ లంచ్ రూమ్‌లో అంటించాను. ఇరవై ఏళ్ళుగా నా పేరు సరిగ్గా పలకని మేనేజర్ దాని ముందు నిలబడి, "మెల్లగా" అని రెండుసార్లు అనుకోవడం నా కళ్ళారా చూశాను.

ఆ తర్వాత మిగతా పత్రికలూ రాశాయి. ఏడాది తిరిగేసరికి ఉత్తమ గీత రచనకు దేశం మొత్తం మీద ఇచ్చే అవార్డుకు నామినేట్ అయ్యారు. సభ మాంట్రియల్‌లో. ఆమెతో ఇద్దరే లోపలికి వెళ్ళొచ్చు. వాళ్ళబ్బాయే, "మీ అత్తగారినీ పాపనీ పంపండి, అమ్మకు అదే ఇష్టం" అన్నాడు. నేను ఆరు గంటలు డ్రైవ్ చేసి తీసుకెళ్ళి, బయట లాబీలో టీవీ ముందు నిలబడ్డాను.

ఆమె పేరు పిలిచారు. ఆమె కర్ర లేకుండా స్టేజీ ఎక్కారు. "ఈ పాటలో ఒక్క మాట మాత్రం నాది కాదు. అందరికీ గుర్తున్నది ఆ ఒక్కటే. అది నాకిచ్చినావిడ మూడో వరసలో ఎర్రచీరలో ఉన్నారు" అన్నారు. కెమెరా తిరిగింది. మా అత్తయ్య ఏం జరుగుతోందో తెలియక మనవరాలి వంక చూసి, తర్వాత లేచి అందరికీ నమస్కారం పెట్టింది. హాలంతా చప్పట్లు. పక్కన ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషిని పట్టుకుని, "షి ఈజ్ మై మదర్ ఇన్ లా" అని నేను అరిచిన అరుపు ఇప్పటికీ నాకు సిగ్గు తెప్పిస్తుంది. కొంచెమే.

అవార్డు వచ్చాక దేశం ఆ చివరనున్న వాంకూవర్ దాకా పిలుపులు వచ్చాయి. అయినా ప్రతి మంగళవారం పిల్లలకి చెప్పే పాఠాలు మానలేదు. "అవార్డు ఇచ్చిన రోజు నన్ను చూస్తారు. మర్నాటి నుంచి పాట వినపడాలంటే వాయించేవాళ్ళు ఉండాలి కదా" అనేవారు. కొత్త అవార్డు కూడా అదే అల్మరాలో పెట్టి, అదే రకంగా పిల్లల చేతుల్లో పెట్టేవారు. పోయిన శీతాకాలం జబ్బు చేసి, అది ముదిరాక కూడా, మంచంలో దిండ్లకు ఆనుకుని ఒకళ్ళిద్దరికి పాఠం చెప్పారు. ఆఖరిసారి చూడబోయినప్పుడు మా అమ్మాయిని గిటార్ తీసి వాయించమన్నారు. అది ఏడుస్తూ మధ్యలో తడబడింది గానీ ఆపలేదు. ఆమె కళ్ళు మూసుకునే తల ఊపారు.

సంస్మరణ వాళ్ళింట్లోనే పెట్టారు. వీలైనవాళ్ళు గిటార్ తెచ్చుకోండి అన్నాడు వాళ్ళబ్బాయి. ఓ పాతికమంది వస్తారనుకున్నాం. మధ్యాహ్నానికి ఇల్లు నిండి, ముందరి గడ్డి నిండి, మా వాకిలి కూడా నిండిపోయింది. తల నెరిసిన లారీ డ్రైవర్లు, నర్సులు, స్కూలు పిల్లలు. అందరి వీపులకీ గిటార్లే.

అత్తయ్య కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని చూస్తోంది. "ఏమ్మా, వీళ్ళందరూ ఆవిడ పిల్లలేనా?" అంది.

"అవునత్తయ్యా" అన్నాను.

వీధి చివర ఇంకో బస్సు ఆగింది. తలుపు తెరుచుకుంది. ముందుగా ఒక గిటార్ పెట్టె బయటికి వచ్చింది. దాని వెనక ఇంకొకటి.