వెర్న్ వాటా

ఐపీ పెట్టడానికి వెళ్తే అప్పుల సంగతే అడుగుతారనుకుంది నోరీన్. లాయరమ్మ మాత్రం ముందు ఇంట్లో ఉన్న మగమనిషి సంగతి ఎత్తింది.

"పెళ్లి కాలేదన్నారు, సరే. ఇంటి ఖర్చుకి అతనేమైనా ఇస్తాడా?"

"సగం అద్దె, కరెంటు."

"అయితే అదీ రాయాలి. అతని జీతం చీటీలు పట్రండి. దాచారని తేలితే పిటిషన్ కొట్టేస్తారు. ఆసుపత్రి బాకీ మళ్లీ మీ నెత్తినే."

ఏరీ సరస్సు ఒడ్డున ఉన్న ఆ ఊళ్లో జంటల కాపురమే వేరు. పెళ్లి ఊసు లేకుండా ఏళ్ల తరబడి ఒకే దుప్పటి కప్పుకుంటారు. ఫ్రిజ్‌లో అరలు మాత్రం ఎవరివి వాళ్లవే. ఒకరి జీతం చీటీ ఇంకొకరు చూడటమంటే జేబులో చెయ్యి పెట్టినంత తప్పు. ప్రపంచంలో సగం దేశాల్లో ముందు ఆ జేబే వెతుకుతారు, అది వేరే కథ. ఆమెతో ఉంటున్న వెర్న్ ఒకటో తారీఖున కాఫీ డబ్బా కింద నోట్లు పెట్టేవాడు. నోరీన్ తీసుకునేది. అంతే.

ఆ సాయంత్రం ఆమె చీటీలు అడగ్గానే వెర్న్ మొహం మాడింది.

"నా పేరు దాంట్లో ఎక్కించకు, నోరీన్."

"ఎందుకూ?"

"వద్దంటున్నానా!"

అప్పటినుంచి ఆమెకు అన్నీ కనబడసాగాయి. ఎండలు మండుతున్నా పొడుగు చేతుల చొక్కా. మంగళ, శుక్రవారాల్లో ఆలస్యం. వెళ్లేముందు ఉడికించిన గుడ్లు, చెంబులకొద్దీ నీళ్లు.

"దానికి వంట రాదేమో, ఇక్కడే తిని పోతున్నావు" అంది.

"ఎవత్తికి?"

"నువ్వే చెప్పు."

శుక్రవారం చెల్లెలి కారు అడిగి తీసుకుని వెంటపడింది. అతని ట్రక్కు గోళ్లకు రంగులేసే షాపు ముందు ఆగి ఉంది. 'దొరికావు' అనుకుంది. గంట దాటాక అతను పక్క షాపు తలుపులోంచి వచ్చాడు. అది రక్తంలోని ప్లాస్మాను డబ్బిచ్చి కొనే సెంటరు. మోచేతి మడతలో కట్టు, దాని మీదికి చొక్కా లాక్కుంటూ వస్తున్నాడు.

కారు అద్దం దించింది. అతను ఆగిపోయాడు.

"ఫ్యాక్టరీలో చలికాలంలోనే తీసేశారు" అన్నాడు. "చీటీల్లేవు. రక్తం అమ్మి తెచ్చానని రాస్తావా? కోర్టులో నవ్వుతారు."

"నవ్వనీ. ఇక్కడ డబ్బులు కార్డులో వేస్తారుగా, ఆ లెక్క తీయించు. సోమవారం ఇద్దరం వెళ్తున్నాం."

"సరే."

"ఇంకేం దాచావు?"

"ప్లాస్మా ఇచ్చేముందు తినమంటారు. ఆ గుడ్లు నీ అరలోవి."

"అది నాకెప్పుడో తెలుసు."

సోమవారం లాయరమ్మ నవ్వలేదు. వెర్న్ వాటా ఎంతో, ఎక్కడిదో రాసింది. నోరీన్ సంతకం పెట్టింది. ఆ సాయంత్రం శుక్రవారం నాటి చొక్కా ఉతకడానికి తీసి వాసన చూసింది. స్పిరిట్ వాసన తప్ప ఏమీ లేదు. అయినా కాలరు దగ్గర ఇంకోసారి చూసింది.